శంఖుపువ్వు జాడీ

పెడనలో మా వీధిలో పువ్వు లేని పచ్చడి జాడీ ఉండదు. ఆ పువ్వులన్నీ సత్యవతమ్మ వేసినవే. ముప్పై నాలుగేళ్ళు హైస్కూల్లో డ్రాయింగు మాస్టారుగా చేసినవాణ్ణి, ఉన్నమాట చెప్తాను: ఆవిడకి బొమ్మ వేయడం రాదు. ఆవిడ మందారం క్యాబేజీలా ఉంటుంది. బంతిపువ్వుకీ చామంతికీ తేడా ఏమిటమ్మా అని ఓసారి అడిగితే, "ఇది నాంచారయ్య గారింటిది, అది తాతారావు గారింటిది" అంది. అదే తేడా.

మా వైపు పచ్చడి ఇల్లు మారకపోతే తిన్నట్టే ఉండదు. మా జాడీ మీ ఇంటికి, మీ జాడీ వాళ్ళింటికి. స్టీలు గిన్నెకైతే పేరు కొట్టించుకోవచ్చు. పింగాణీ మీద ఉలి పెడితే పేరూ ఉండదు, జాడీ ఉండదు. అందుకని ఇంటికో పువ్వు. ఇంకో నియమం ఉంది, ఇది పువ్వు కంటే గట్టిది. పుచ్చుకున్న జాడీని ఖాళీగా తిరిగి ఇవ్వకూడదు. ఏమీ లేకపోతే గుప్పెడు బియ్యమైనా వేసి ఇవ్వాలి.

ఎవరు పిలిచినా సత్యవతమ్మ రంగు డబ్బా, కుంచె పట్టుకుని వెళ్ళేది. ఊరికే వేసిపెట్టేది. ఒకటే షరతు: ఇంట్లో ఉన్న జాడీలన్నీ తెచ్చి ముందర పెట్టాలి. ఒక్కోదాన్నీ తిప్పి తిప్పి చూసేది. చేసేది క్యాబేజీ, పోజు మాత్రం రవ్వలు బేరం చేసే షావుకారుది అని నేను నవ్వుకునేవాణ్ణి. అసలు సంగతి మొన్నటిదాకా నాకూ తెలియదు. ఆవిడ వెతుకుతోంది.

డెబ్భై ఏడులో, ఉప్పెనకి రెండు రోజుల ముందు, దివిసీమలో సముద్రపు ఒడ్డున ఉన్న పుట్టింటి నుంచి వాళ్ళమ్మ జాడీ నిండా మాగాయ పంపింది. సత్యవతమ్మ మూతికి కట్టిన గుడ్డ కూడా విప్పలేదు. పక్కింటి నాగమల్లేశ్వరికి వేవిళ్ళు, పుల్లటిది తప్ప ఏదీ నోటికి పోవడం లేదు. "ముందు నువ్వు తిను, మిగిలింది పంపు" అని జాడీ ఎత్తి ఇచ్చేసింది. ఇచ్చే ముందు, ఎవరి జాడీల్లోనూ కలిసిపోకుండా, తలుపులకి వేయగా మిగిలిన నీలంరంగుతో దాని మీద ఓ శంఖుపువ్వు గీసింది. ఆవిడ వేసిన మొదటి పువ్వు అదే. ఎల్లుండికి వాళ్ళమ్మా లేదు, ఇల్లూ లేదు.

మూడు నెలలు పోయాక జాడీ అడిగితే, "అప్పుడే పనిమనిషి చేత పంపించేశాను కదా వదినా, ఏ ఇంట్లో పెట్టేసిందో" అంది నాగమల్లేశ్వరి. ఆ పనిమనిషి అప్పటికే ఊరు వదిలి వెళ్ళిపోయింది. అమ్మది అనుకోవడానికి సత్యవతమ్మకి మిగిలింది ఆ జాడీ ఒక్కటే. దాని కోసం నలభై ఎనిమిదేళ్ళు ఊళ్ళో వంటిల్లు వంటిల్లూ తిరిగి పువ్వులు వేసింది.

పోయిన వేసవిలో విజయవాడ నుంచి ఉమాదేవి గారు దిగారు. మరుగునపడిన కళలను ఉద్ధరించడం ఆవిడ వృత్తి. కలంకారీ చీరలకని వచ్చి, దుకాణం వాళ్ళింట్లో మజ్జిగ తాగుతూ జాడీ చూశారు. అంతే, మా ఆవకాయ జాడీలు 'జానపద పుష్పచిత్రిత పింగాణీ' అయి కూర్చున్నాయి. బందరులో ప్రదర్శన అన్నారు. కమిటీ వేశారు. నన్నూ అందులో కలిపి, జాడీల ముందు పెట్టే చీటీలు రాసే పని అప్పగించారు.

ఊళ్ళో ఆడవాళ్ళకి పూనకం వచ్చింది. కొత్తావకాయని ప్లాస్టిక్ డబ్బాల్లోకి తోడేసి, జాడీలు తోముకుని ఆటోలెక్కారు. అటక మీద బొద్దింకలు కాపురమున్నవి కూడా ముత్తవ్వగారి కాలంనాటివయ్యాయి. "వేసినావిడ బతికే ఉందండీ, మా వీధే" అని నేనంటే ఉమాదేవి గారు నొచ్చుకున్నారు.

"జానపద కళకి పేరుండదు మాస్టారూ. పేరు తెలిస్తే అది జానపదం ఎలా అవుతుంది?"

నాగమల్లేశ్వరి ఇంటి నుంచి మందారం జాడీ వచ్చింది. ఆమె కొడుకు నాగేంద్రబాబు, చేపల చెరువుల ఆసామి, తల్లికి చెప్పకుండా తెచ్చి ఇచ్చాడు. మందారం కింద ఇంకేదో రంగు తొంగిచూస్తోందని ఉమాదేవి గారు మందు పెట్టి తుడిపించారు. మందారం పోయింది. దాని కింద తెల్లరంగు పూత పోయింది. అడుగున నీలం పువ్వు, ఒక రేక ఒరిగిపోయి ఉంది. ఉమాదేవి గారు జాడీని కిటికీ వెలుగులోకి తిప్పి చూశారు. ఇక ఆగలేదు. బందరు రేవు, డచ్చివారి ఓడలు, తులిప్ పువ్వు. "ఆ ఒరిగిన రేక చూడండి మాస్టారూ, అది హాలెండు గాలి" అన్నారు. నేను చీటీ రాశాను: 'డచ్చి తులిప్, పదిహేడో శతాబ్దం.' అది శంఖుపువ్వని నాకు తెలియదా? ఎన్ని వందల మంది పిల్లల చేత వేయించాను. కమిటీలో కుర్చీ వేశాక నోరెందుకు అని ఊరుకున్నాను. సిగ్గుపడుతూనే చెప్తున్నాను.

ప్రారంభం రోజున గాజుపెట్టెలో ఆ జాడీ, దాని పక్కన కొడుకు బలవంతాన తెచ్చి కూర్చోబెట్టిన నాగమల్లేశ్వరి, ఆవిడ భుజాన శాలువా. సత్యవతమ్మ తన అలవాటు ప్రకారం వరుసగా ఒక్కో జాడీనీ చూసుకుంటూ వచ్చింది. గాజుపెట్టె దగ్గర ఆగిపోయింది.

"ఇది నా జాడీ అండీ."

ఉమాదేవి గారు చిన్నపిల్లకి చెప్పినట్టు చెప్పారు. "అమ్మా, ఇది డచ్చివాళ్ళది. మూడొందల ఏళ్ళ నాటిది."

"డచ్చో పచ్చో నాకు తెలియదు. ఇది మా తలుపుల రంగు. మా దొడ్డి తలుపుకి ఇప్పటికీ అదే ఉంది, వచ్చి చూడండి."

"ఆ రేక వంపు చూడండమ్మా, అది యూరపు శైలి."

"శైలి కాదండీ. అది మా మల్లేశ్వరి బొటనవేలు. రంగు ఆరకుండానే పట్టుకుంది."

నాగమల్లేశ్వరి లేచింది. పెట్టె తెరవమంది. డెబ్భై ఏళ్ళ బొటనవేలు తీసుకెళ్ళి ఆ రేక మీద పెట్టింది. సరిపోయింది.

"ఎందుకు చేశావే?" అంది సత్యవతమ్మ.

"ఏం వేసి ఇవ్వను వదినా? మిగల్చకుండా మొత్తం నేనే తినేశాను. ఇంతలో ఉప్పెన. తల్లిని పోగొట్టుకున్న మనిషి చేతిలో ఖాళీ జాడీ ఎట్లా పెట్టను? వేసవిలో మాగాయ పెట్టి, నింపి ఇద్దామనుకున్నాను. నువ్వు మాఘంలోనే అడిగేశావు. నోటికొచ్చింది చెప్పేశాను. చెప్పాక ఇంక వెనక్కి తీసుకోలేకపోయాను."

"దీని మీద తెల్లరంగు పూసి, మందారం నా చేతే వేయించుకున్నావు."

"పువ్వు లేకపోతే ఎందుకు లేదని అడుగుతావని."

ఉమాదేవి గారు చీటీ వైపు, నా వైపు చూశారు. నేను గోడ వైపు చూశాను. సత్యవతమ్మ నాగమల్లేశ్వరిని కడిగేస్తుందని అందరం ఎదురుచూశాం. కడిగేయాల్సిందే, నా ఒళ్ళే మండిపోతోంది. ఆవిడ జాడీ తీసి ఒళ్ళో పెట్టుకుని, నాగమల్లేశ్వరి లేచిన ఆ సన్మానపు కుర్చీలోనే కూర్చుంది. లోపలికి చూసింది.

"ఎట్లా ఉంది?"

"ఏది వదినా?"

"మాగాయ. నేను గుడ్డ కూడా విప్పలేదుగా. ఎట్లా ఉంది, చెప్పు."

నాగమల్లేశ్వరి శాలువాతో కళ్ళు తుడుచుకుంది. ఏదో నోట్లో చప్పరిస్తున్నట్టు కాసేపు ఆలోచించింది.

"మెంతులు కాస్త ఎక్కువయ్యాయి వదినా."

సత్యవతమ్మ తలూపింది.

"మా అమ్మ అంతే. మెంతిపొడి ఎప్పుడూ ఓ చెయ్యి ఎక్కువే వేస్తుంది."