కదుళ్లు తగలబెట్టిన అధ్యాయం

కొవిడ్‌కు ముందు ఏడాది వేసవిలో, కర్నూలులో పిల్లల పుస్తకాలు వేసే ఒక చిన్న ప్రచురణ సంస్థలో నేను సహాయ సంపాదకురాలిని. పుణె నుంచి మీరిద్దరూ ఫోన్ చేసి, "అవ్వా, పుస్తకంలో ఏది ఉంచాలో, ఏది తీసేయాలో ఎట్లా తెలుస్తుంది?" అని అడిగారు కదా. దానికే ఈ జవాబు.

బద్వేలు నుంచి మస్తాన్‌బీ అనే అమ్మాయి మీ వయసు వాళ్ల కోసం ఒక నవల రాసి పంపింది. నూలు వడికే కదురు గుచ్చుకుని నూరేళ్లు నిద్రపోయే రాజకుమారి కథ మీకు తెలిసిందే. శాపానికి భయపడి రాజు దేశంలోని కదుళ్లన్నీ తగలబెట్టిస్తాడు. పాత కథలో అది ఒక్క మాటతో అయిపోతుంది. మస్తాన్‌బీ దాన్ని ఒక అధ్యాయం చేసింది. కదుళ్లు పోయాక నూలు వడికేవాళ్లు, దూది ఏకేవాళ్లు ఎలా బతికారో రాసింది. మస్తాన్‌బీ తాత ఊరూరా తిరిగి పరుపులకు దూది ఏకినవాడే.

అచ్చులో పదహారు పేజీలు కలిస్తే ఒక ఫారం. కొన్ని పేజీలు మిగిలినా వాటి కోసం ఇంకో ఫారం వేయాలి. ఈ నవలకు ఎనిమిది పేజీలు ఎక్కువయ్యాయి. మా ప్రధాన సంపాదకులు శేషాద్రి గారు సరిగ్గా ఎనిమిది పేజీలున్న ఆ అధ్యాయం మీదే ఎర్రగీత పెట్టారు. అందులో రాజకుమారి కనిపించదన్నది ఆయన కారణం.

కబురు అందగానే మస్తాన్‌బీ బస్సెక్కి వచ్చేసింది.

"అది తీసేస్తే నాకు పుస్తకమే వద్దు సార్. నిద్రపోయినామెకేం, హాయిగా ఉండాది. మేలుకోని ఉన్నోళ్లకే గదా కష్టమంతా!"

"శానా కోపమే నీకు" అని ఆయన నవ్వారు.

"కోపం గాదు సార్, పొద్దున్నుంచి ఏమీ తినల్యా."

బొరుగుల ఉగ్గాని తెప్పించి ఆమెను ఓ పక్కన కూర్చోబెట్టాను.

ప్రూఫులు దిద్దేటప్పుడు ఒకరు రాతప్రతిని పైకి చదివితే, మరొకరు అచ్చుప్రతి మీద పెన్నుతో తప్పులు పడతారు. ఏదీ తీసేయకముందు ఒకసారి అలా చదువుదామని శేషాద్రి గారిని అడిగాను. ఆయనే పెన్ను పట్టుకున్నారు.

కదురు లేని ఒక ముసలామె వేళ్లు ఉత్త గాలిలో నూలు తీస్తూండే చోటికి వచ్చేసరికి ఆయన పెన్ను ఆగిపోయింది. ఆయన ముందున్న ప్రతి తొంగి చూస్తే, ఆ పేజీలో రెండు అచ్చుతప్పులు ఆయన కళ్లు దాటిపోయాయి. తర్వాత ముళ్ల అడవిలో రాజకుమారుడి యుద్ధం చదివాను. అదీ ఎనిమిది పేజీలే. అయ్యాక ఆయన దిద్దినవి తిరగేసి చూశాను.

"ముసలామె దగ్గర రెండు తప్పులు వదిలేశారు, ఇందులో ఒక్కటి కూడా వదల్లేదు సార్ మీరు" అన్నాను.

"అంటే కథ వినలేదంటావు" అన్నారాయన. కదుళ్ల అధ్యాయానికి బదులు తీసేయమంటూ యుద్ధం పేజీలను మస్తాన్‌బీ ముందుకు జరిపారు.

ఆమె ముఖం వాడిపోయింది. "మా తమ్ముడు మెచ్చుకునింది ఇదొక్కటే సార్. ఇది తీసేస్తే వాడు నన్ను ఇంట్లోకి రానీడు" అంది. అయినా పెన్ను అడిగి తీసుకుని, తానే కొట్టేసింది.

అప్పటినుంచి పేజీలు ఎక్కువైనప్పుడల్లా పైకి చదివించుకుని వినకుండా నేను గీత పెట్టలేదు. దిద్దేవాడు తన పని మరిచిపోయిన చోటు పుస్తకంలో ఉండాలి. అక్కడ తప్పిపోయిన తప్పులను మాత్రం మర్నాడు మళ్లీ కూర్చుని దిద్దుకోవాలి.