ఏజెంటు గండయ్య చెల్లెలు

శామీర్‌పేట చెరువు దాటి కరీంనగర్ రోడ్డు మీద కాస్త ముందుకు పోయి, కుడిచేతి వైపు మళ్లితే వచ్చే ఊళ్లో గండయ్య ఎవరని అడిగితే వెంటనే ఎవరూ చెప్పరు. ఏజెంటు గండయ్య అనాలి. అలాగని ఆయన పాలసీలు కట్టించే ఏజెంటు కాదు, ప్లాట్లు అమ్మే ఏజెంటు అంతకన్నా కాదు. ఈ రోజుల్లో ఆ ఊళ్లో ప్లాట్లు అమ్మని మగవాణ్ని దీపం పెట్టి వెతకాలి గానీ, గండయ్య మాత్రం ఆ జోలికి పోలేదు. ఎన్నికలు వచ్చినప్పుడు పోలింగు బూత్‌లో తన పార్టీ తరఫున కూర్చోవడమే ఆయన చేసిన ఏజెంటు పని. ఆ ఒక్క రోజు కోసమే మిగతా రోజులన్నీ బతుకుతాడని ఆయన భార్య యాదమ్మ దెప్పేది. ఆమె దెప్పేదాంట్లో అబద్ధమేమీ లేదు.

చెప్పుకుంటే అది చిన్న పనే. లోపలికి వచ్చిన మనిషి జాబితాలో ఉన్న మనిషేనా కాదా అని చూడాలి, కాకపోతే అభ్యంతరం చెప్పాలి. కానీ పదో తరగతి తప్పి, మూడెకరాల చెలక నమ్ముకున్న గండయ్యకు ఆ రోజు పండగ. ఉతికి ఇస్త్రీ చేసిన తెల్లచొక్కా తొడుక్కుని, జేబుకు పాసు తగిలించుకుని, పొద్దు పొడవకముందే బడికి చేరేవాడు. ఎవరి కొడుకు ఎవరి పోలికో, ఏ ఇంటి కోడలు ఏ ఊరి పిల్లో ఆయనకు నోటికొచ్చు. అందుకే వెంకటరామయ్య పటేల్ నలుగురిలో ఆయన భుజం మీద చెయ్యేసి, గండయ్య కూసుంటే మనకు ఫికరే లేదు అనేవాడు. ఆ మాట కోసం గండయ్య ఏమైనా చేస్తాడు. పొగడ్త అన్నం పెట్టదు గానీ, అన్నం తిన్నవాణ్ని కూడా చెడగొడుతుంది.

ఈ పటేల్ ఊళ్లో పెద్ద భూస్వామి, తండ్రి కాలం నుంచీ పార్టీకి పెద్దదిక్కు. ఆయనకు ఎదురు నిలిచినవాడు శ్రీనివాస్. వెంచర్లు వేసి పైకొచ్చినవాడు, చేతిలో పది కార్లున్నవాడు. ఇద్దరిదీ ఒకటే పార్టీ, ఒకటే జెండా, మధ్యలో మాత్రం పచ్చగడ్డి వేస్తే భగ్గుమనేది. మొన్నటి అసెంబ్లీ ఎన్నికల్లో పటేల్ చెప్పిన మనిషికే టికెట్ వచ్చింది. శ్రీనివాస్ ఆ సాయంత్రమే మెడలో కండువా మార్చి అవతలి పార్టీలోకి దూకాడు. ఇక ఊరు రెండైంది. ఒక వర్గం వాళ్లు టీ తాగే హోటల్లో ఇంకో వర్గం వాళ్లు మంచినీళ్లు కూడా ముట్టలేదు. పాలు పోసేవాడు సైతం ఏ ఇంటి ముందు ఎంతసేపు ఆగాలో ఆలోచించుకునేవాడు.

గండయ్య ఇంట్లోనూ ఆ చీలిక పడింది. ఆయనకు ఒక్కగానొక్క చెల్లెలు జయమ్మ. దూలపల్లిలో ఇచ్చారు. భర్త అక్కడి కార్ఖానాలో పని చేస్తూ జబ్బుపడి పోయాడు. అత్తవారి వైపు నిలబడే మనిషి లేక, కూతురు ప్రణీతను తీసుకుని పుట్టింటికి వచ్చేసింది. గండయ్య తూర్పువైపు గది ఖాళీ చేసి ఇచ్చాడు. కండ్లకోయ ఇంజినీరింగు కాలేజీలో చదివే మేనకోడల్ని రోజూ పొద్దున్నే బండి మీద తీసుకెళ్లి కాలేజీ బస్సు ఎక్కించేవాడు. అన్నాచెల్లెళ్లంటే వీళ్లేనమ్మా అని వాడకట్టంతా అనేది, దిష్టి తగిలేలా.

అయితే జయమ్మ ఓటు శ్రీనివాస్ వైపు. దానికి కారణముంది. భర్త ఆసుపత్రిలో ఉన్నప్పుడు పటేల్‌తో డాక్టర్లకు ఒక మాట చెప్పించమని ఆమె అన్నను బతిమాలింది. గండయ్య అడిగాడు కూడా. రేపు చూద్దామన్నాడు పటేల్. ఆ రేపు రానేలేదు. మనిషి పోయాక, ఎవరూ చెప్పకుండానే శ్రీనివాస్ కారు పంపి శవాన్ని ఇంటికి చేర్పించాడు.

పోలింగు ముందు రోజు పటేల్ గండయ్యను పిలిచాడు. ఇంట గెలిచి రచ్చ గెలవాలంటారు, నీ ఇంట్లోనే ఓటు పోతుంటే నువ్వు బూత్‌లో కూర్చుని ఎవరిని కాపాడతావని నవ్వుతూనే అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్లూ నవ్వారు. గండయ్య తల కొట్టేసినట్టయి ఇంటికొచ్చి చెల్లెల్ని అడిగాడు. మొదట బతిమాలాడు, తర్వాత కసిరాడు. జయమ్మ చేటలో బియ్యం చెరుగుతూ అంతా విన్నది.

"ఆయన బండిల మా ఇంటాయన ఆఖరిపారి ఇంటికొచ్చిండన్నా. నేను మాటిచ్చిన. నువ్వు ఇంకేదన్న అడుగు, ఇస్త," అంది.

ఆ రాత్రి గండయ్య అన్నం సరిగా తినలేదు. తెల్లారి అలవాటు ప్రకారం అందరికన్నా ముందు బడికి చేరాడు.

బూత్‌కు అధికారిగా వచ్చినవాడు గోపాలరావు. ప్రభుత్వ కాలేజీలో రాజనీతిశాస్త్రం చెప్పే లెక్చరరు, కోస్తా మనిషి, మాటకారి. ఏజెంట్ల ముందు యంత్రాన్ని పరీక్షించి చూపించి, పోలింగు మొదలయ్యేదాకా కాలక్షేపానికి అమెరికా కబుర్లు ఎత్తుకున్నాడు. ఆ దేశం కొత్తగా ఏర్పడ్డ రోజుల్లో కొన్ని రాష్ట్రాల శాసనసభ ఎన్నికల్లో రహస్య ఓటు ఉండేది కాదట. ఓటరు అందరి ముందు నిలబడి ఫలానావారికి నా ఓటు అని గొంతెత్తి చెప్పాలట. రెండు వర్గాల పెద్దలూ పక్కనే నిలబడి వినేవారట. మెచ్చుకునేవాళ్లు మెచ్చుకుంటే, పళ్లు నూరేవాళ్లు పళ్లు నూరేవారట.

"గట్లుంటెనే మంచిగుండె సార్. ఎవలు మనోల్లో, ఎవలు కాదో తెలుస్తుండె," అన్నాడు గండయ్య.

"తెలిసిపోయేదండీ. తెలిసిపోయాక చుట్టరికాలు ఎన్ని మిగిలేవో మరి," అని గోపాలరావు నవ్వి, తలుపు తీయించాడు.

పొద్దు నడినెత్తికి వస్తుండగా జయమ్మ వచ్చింది. కార్డు గుమాస్తాకు ఇచ్చింది. గుమాస్తా కార్డు చూశాడు, మనిషిని చూశాడు. కార్డు ఎప్పుడో కొత్త కోడలుగా ఉన్నప్పటిది. ఫోటోలో నిండు బుగ్గలు, పెద్ద బొట్టు, ముక్కుపుడక. ఎదురుగా నిలబడ్డది బోసి నుదురుతో, ఎండిపోయిన మనిషి. పైగా కార్డులో భర్త పేరు, జాబితాలో తండ్రి పేరు. గుమాస్తా సందేహపడి గోపాలరావును పిలిచాడు. ఆయన ఏజెంట్ల వైపు తిరిగాడు. శ్రీనివాస్ వర్గం తరఫున కూర్చున్న విశ్వతేజ కొత్త కాలనీలో ఉండే ఉద్యోగి, ఊరికి వచ్చి రెండేళ్లు కాలేదు. నాకు తెలీదండీ అని నిజమే చెప్పాడు.

"గండయ్యగారూ, ఊరంతా మీకు తెలుసు కదా. ఈవిడ మీకు తెలుసా?"

గండయ్య బుర్రలో అప్పుడు నడిచిన లెక్క బూత్‌లో ముదిరిన మనిషికి తప్ప ఇంకొకరికి తట్టదు. తనకు తెలియదంటే అధికారి ఆధార్ అడుగుతాడు. ఆమె సంచిలో ఆధార్ ఉంది, చూపిస్తుంది, ఓటు వేసి వెళ్లిపోతుంది. ఆమె మాటా చెల్లుతుంది. సొంత చెల్లెలని కూడా చూడలేదని పటేల్ దగ్గర తన పరువూ నిలుస్తుంది. కర్ర విరగదు, పాము చావదు, ఇద్దరికీ సరిపోతుంది అనుకున్నాడు ఆ పిచ్చివాడు.

"నాకెర్కలేదు సార్," అన్నాడు.

జయమ్మ చెయ్యి అప్పటికే సంచిలో ఉంది. అన్న ముఖంలోకి చూసింది. ఆయన బల్ల మీది కాగితాలు చూస్తున్నాడు. గోపాలరావు మర్యాదగానే, ఇంకేదైనా గుర్తింపు కార్డు ఉంటే చూపించమ్మా, వేసి వెళ్దువుగాని అన్నాడు.

"ఉన్నది సారు. గని వద్దు," అని ఆమె ఉత్త చెయ్యి బయటికి తీసి, వచ్చిన దారినే వెళ్లిపోయింది.

వరుసలో ఆమె వెనకే ఉన్న పెద్దావిడ లోపలికి వచ్చి గండయ్యను ఎగాదిగా చూసి, ఏందయ్యా, ఒక్క తల్లి పాలు తాగిన పిల్లను ఎరగవా నువ్వు అని అడిగింది. గోపాలరావుకు అప్పుడు అర్థమైంది. ఆయన ఆ తర్వాత సాయంత్రందాకా గండయ్యతో ఒక్క మాట మాట్లాడలేదు. గండయ్య లేచి చెల్లెలి వెనకాల పరుగెత్తవచ్చు, ఎవరూ పట్టుకోలేదు. కానీ పోలింగు ముగిసేదాకా కుర్చీ విడవని ఏజెంటని ఆయనకు పేరు. ఆ పేరు కోసం కూర్చున్నాడు. తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

సాయంత్రం ఇంటికి వచ్చేసరికి తూర్పు గది ఖాళీగా ఉంది. తల్లీకూతుళ్లు బట్టలు మూట కట్టుకుని, ఆటో మాట్లాడుకుని దూలపల్లికి వెళ్లిపోయారని యాదమ్మ చెప్పింది. ఏమని చెప్పి వెళ్లారని అడిగితే, ఏమీ చెప్పలేదంది. ఆ పూట ఆయనకు అన్నం పెట్టి, ఆమె మాత్రం అవతల కూర్చుని కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

పటేల్ మనిషి గెలిచాడు, గండయ్య బూత్‌లో మంచి మెజారిటీ వచ్చింది. ఒక్క ఓటు ఇటైనా అటైనా చీమ కుట్టినంత కూడా కాదు. పటాకులు కాల్చారు. పటేల్ గండయ్యను కౌగిలించుకుని, కార్యకర్తంటే ఇట్లుండాలె అన్నాడు. ఇన్నేళ్లుగా ఏ మాట కోసం చొక్కా ఇస్త్రీ చేసుకున్నాడో ఆ మాట అంతకన్నా గట్టిగా, అందరి ముందూ వచ్చింది. గండయ్యకు ఏడుపొచ్చింది. ఆనందబాష్పాలనుకుని ఎవరో మెడలో దండ వేశారు.

ఆ తర్వాత ఆయన దూలపల్లికి తిరగడం మొదలుపెట్టాడు. జయమ్మ మాత్రలు ప్యాకింగు చేసే కంపెనీలో చేరింది. షిఫ్టు విడిచే వేళకు గేటు దగ్గర నిలబడేవాడు. ఆమె తిట్టలేదు, శాపనార్థాలు పెట్టలేదు, ముఖం కూడా తిప్పుకోలేదు. పక్కనుంచి నడిచి వెళ్లిపోయేది. తిడితే బాగుండునని గండయ్య యాదమ్మతో అన్నాడు. తిట్టుకు జవాబుంటుంది, దీనికి ఏం జవాబు చెప్పను అన్నాడు.

లోక్‌సభ ఎన్నికలు వచ్చాయి. గండయ్య చొక్కా ఇస్త్రీ చేయించుకుని పటేల్ ఇంటికి వెళ్లాడు. అక్కడ సోఫాలో పటేల్ పక్కన శ్రీనివాస్ కూర్చుని ఉన్నాడు. మళ్లీ కండువా మార్చుకున్నాడన్నమాట. ఇద్దరూ ఒకే పళ్లెంలో కాజూలు తింటూ నవ్వుకుంటున్నారు. వాళ్ల కోపాలు గొంగళి మీద దుమ్ములాంటివి, దులిపితే పోతాయి. పాసు సంగతి అడిగితే పటేల్ ఎటో చూస్తూ చెప్పాడు.

"చెల్లెనే ఎరుగనోన్ని కూసోవెడితె ఊరోల్లు నవ్వుతరు గండయ్యా. ఈసారి వేరేటోల్లను చూసినం లే."

శ్రీనివాస్ ఆ మాటకు నవ్వలేదు. ఎవరి కోసం జయమ్మ మాట నిలబెట్టుకోవాలనుకుందో ఆ మనిషికి అసలు ఆమె ఎవరో గుర్తున్నట్టే లేదు. గండయ్య నడిచే ఇంటికి వచ్చాడు.

ఇలా ఉండగా ఒకరోజు జయమ్మ వాకిట్లోకి వచ్చింది. ప్రణీతకు సంబంధం కుదిరింది. వెంట వచ్చిన ముత్తయిదువతో వదినకు బొట్టు పెట్టించి, పెండ్లి కార్డు చేతికిచ్చి, మీరిద్దరూ రావాలె అని చెప్పి వెనుదిరిగింది. గడప దాటలేదు, మంచినీళ్లు ముట్టలేదు. అయినా గండయ్యకు ప్రాణం లేచి వచ్చినట్టయింది. పిలిచిందంటే మరిచిపోయినట్టేనని మురిసిపోయాడు. యాదమ్మకు మాత్రం ఆ ఆశ లేదు. ఆడది ఇంకో ఆడది పిలిచే తీరు చూసే మనసు తెలుసుకుంటుంది. ఆయన మాత్రం తూర్పు గదికి సున్నం వేయించాడు, చీరలు, పసుపుకుంకాలు, సారె అంతా దగ్గరుండి కొన్నాడు.

పెండ్లిలో పంతులు మేనమామను పిలిచాడు. పెండ్లికూతురిని గంపలో కూర్చోబెట్టి పీటల దగ్గరికి తెచ్చేది మేనమామే. గండయ్య తలపాగా చుట్టుకుని, ఇంకో నలుగురితో కలిసి గంప ఎత్తాడు. నడుము నొప్పి ఉన్న మనిషి, అయినా తన వైపు గంపను అంగుళం కూడా వంగనివ్వలేదు. పిల్ల గంపలోంచి వంగి, పైలం మామా అంది మెల్లగా. కాలేజీ బస్సెక్కేటప్పుడు, మామను జాగ్రత్తగా వెళ్లమని రోజూ అనే మాటే. గండయ్యకు కండ్లు తుడుచుకోవడానికి చేతులు ఖాళీ లేవు. ఎవరో కొత్తవాళ్లు ఆయనెవరని అడిగితే, జయమ్మ అందరికీ వినబడేలా, పిల్ల మేనమామ అని చెప్పింది. అది విని గండయ్య గుండె నిండింది.

భోజనాల దగ్గర ఆమె స్వయంగా వచ్చి ఆయనకు వడ్డించింది. పప్పు వేసింది, నెయ్యి వేసింది. పక్కన ఎవరూ లేకుండా చూసి గండయ్య గొంతు తగ్గించి అడిగాడు.

"తప్పు జేసిన చెల్లె. ఇగ ఇంటికి రా. నీ అర్రకు సున్నమేయించిన. ఇప్పుడు పిల్ల గూడ అత్తగారింటికి పాయె, ఒక్కదానివి గాడ ఎందుకు?"

జయమ్మ వడ్డించే గరిటె ఆపింది. ఆమె ముఖంలో కోపం లేదు. ఉంటే ఆయన కాళ్ల మీద పడేవాడు.

"దానికి మేనమామ గావాలె, అందుకే పిలిసిన. నాకు అన్న గావాల్నని పిలువలే," అంది. తర్వాత పరాయి చుట్టాన్ని అడిగినట్టే అడిగింది, "ఇంకింత అన్నం వెట్టాల్నా?"

గండయ్య అడ్డంగానో నిలువుగానో తలూపాడు. ఆమె ఇంకాస్త అన్నం పెట్టి, పక్క వరుసలోకి వెళ్లిపోయింది. మేనమామ విస్తరి విడిచి లేస్తే పెండ్లిపిల్లకు మంచిది కాదంటారు. ఆయన తల వంచుకుని, పెట్టినదంతా తిన్నాడు.