నేను సంతకం పెట్టిన దానిమ్మ రసం

మొన్న కూరగాయలకని ఎడిసన్‌లో మనవాళ్ళ కొట్లన్నీ ఉండే ఓక్ ట్రీ రోడ్డుకి వెళితే, ఒక కొట్లో చల్లటి పానీయాల అలమరలో ఏదో పళ్ళరసం సీసా మెడకి 'యాంటీ ఆక్సిడెంట్ల గని' అని బంగారు రంగు చీటీ కట్టి ఉంది. పక్కనున్న పెద్దావిడ రెండు సీసాలు బుట్టలో వేసుకుంటుంటే నాకు ఒళ్ళు మండిపోయింది. నా ఈడు వాళ్ళకి చెప్పక్కర్లేదు, కొన్ని కోపాలు మనతో పాటు ముసలివి కావు.

2006లో నేను ఎడిసన్‌కి దగ్గర్లోనే ఒక చిన్న ల్యాబ్‌లో పని చేసేదాన్ని. పానీయాల్లో యాంటీ ఆక్సిడెంట్ల బలం కొలవడం నా పని. పెన్సిల్ ముక్కంత కార్బన్ కడ్డీ కొసకి ఒక ఎంజైమ్‌ని పలచగా పూసి, ఆరనిచ్చి, రసంలో ముంచితే సన్నటి కరెంటు పుట్టేది. కరెంటు ఎంత ఎక్కువైతే ఆ రసానికి అంత బలమని లెక్క. ఆ పూత కాస్త మందమైనా, మరీ ఎండిపోయినా, వేడి తగిలినా పాడైపోయేది కాబట్టి ఆ కడ్డీలని ఫ్రిజ్‌లో భద్రంగా దాచుకుని, ఎవరైనా తలుపు సరిగ్గా వేయకపోతే కసురుకునేదాన్ని.

కంపెనీల వాళ్ళు రసాన్ని సీసాలో నింపిన రోజే ఐసు పెట్టెలో పెట్టి మాకు పంపేవారు. ఒకసారి దానిమ్మ రసం పెట్టె రావడం ఆలస్యమైతే, ఊరికే కూర్చోలేక, అదే రసం దారిలో సూపర్ మార్కెట్‌లో కొని తెచ్చి కొలిచాను. రావలసిన కరెంటులో మూడో వంతు కూడా రాలేదు. నా పూతే చెడిందనుకుని, నన్ను నేనే తిట్టుకుంటూ మూడు కొత్త కడ్డీలు చేశాను. బలం ముందే తెలిసిన ద్రావణంలో ముంచితే మూడూ నిక్షేపంగా పనిచేశాయి. నెలల తరబడి దీపాల వెలుతురులో నిలవుండి రసమే చచ్చిపోయిందని అప్పుడు అర్థమైంది.

మా గ్రూప్ లీడరు తెలుగాయనే, మాకంటే ముప్పై ఏళ్ళు ముందొచ్చిన పెద్దమనిషి, నా గ్రీన్ కార్డు కాగితాలు కదలాలంటే ఆయన మాటే కావాలి. సంగతి చెబితే నవ్వి, "షాప్‌లోది ఎవరు టెస్ట్ చేయమన్నారమ్మా? క్లయింట్ పంపింది చెయ్యి, చాలు" అన్నారు. అంతటితో ఆగినా బాగుండేది. మర్నాడొచ్చిన తాజా రసం అంకెలతో రిపోర్టు తయారుచేయించి, శాంపిల్ ఎక్కడిదన్న చోట 'దుకాణంలో అమ్మే సీసా' అని టైపు చేయించి నా ముందు పెట్టారు. ఇది అబద్ధం కదా సార్ అన్నాను. "గ్రీన్ కార్డ్ స్టేజ్‌లో ఇష్యూస్ ఎందుకమ్మా, సైన్ చేసెయ్యి" అన్నారు, సొంత కూతురికి చెప్పినంత ఆప్యాయంగా. ఆ ఆప్యాయత తలుచుకుంటే ఇప్పటికీ నాకు అరికాలి మంట నెత్తికెక్కుతుంది.

సంతకం పెట్టాను.

ఆ వేసవిలో అమ్మ ఆరు నెలలకని మా దగ్గరికి వచ్చింది. ఆ రసం పరీక్ష చేసింది నేనేనని మావారు గొప్పగా చెప్పేసరికి, ఊహ తెలిసినప్పటి నుంచీ తాగుతున్న టీ మానేసి రోజూ ఒక గ్లాసు రసం మొదలుపెట్టింది. సాయంత్రం వాకింగ్‌లో కనిపించిన తెలుగువాళ్ళందరికీ, "మా అమ్మాయే టెస్ట్ చేసింది, కళ్ళు మూసుకుని తాగండి" అని చెప్పేది. నేను పక్కనే నడుస్తూ చెట్లకేసి చూసేదాన్ని. ఒకరోజు ఉండబట్టలేక ఇంట్లోని టీ డికాషన్ ల్యాబ్‌కి పట్టుకెళ్ళి కడ్డీ ముంచితే, ఆ కొన్న సీసాకంటే ఎన్నో రెట్లు ఎక్కువ కరెంటు వచ్చింది.

ఇప్పుడు ఆ పరికరాలు అరచేతిలో ఇమిడిపోతున్నాయంటున్నారు. నాకు గ్రీన్ కార్డు వచ్చింది, తర్వాత పౌరసత్వమూ వచ్చింది, సార్ రిటైరయ్యారు, అమ్మ పోయింది. భయపడి సంతకం పెట్టానని ఇన్నేళ్ళూ ఆయన్ని తిట్టుకుంటూ సరిపెట్టుకున్నాను గానీ, ఆ ఆరు నెలలూ వంటింట్లో నా ఎదురుగా నిలబడి రసం పోసుకుంటున్న అమ్మకి నిజం చెప్పడానికి ఏ కాగితాలు అడ్డమొచ్చాయి?