సీసాకు చెవి ఆనించే సార్

మా గద్వాల బడిలో సైన్స్ సార్‌కు ఒక అలవాటుండేది. ప్రయోగం సీసాను చెవికి ఆనించుకొని, కళ్లు మూసి, "ఊపిరుందా?" అనేవారు. మాకు నవ్వాగేది కాదు. జవాబు రాని పిల్లల తల మీద తట్టి కూడా అదే మాట అడిగేవారు.

విత్తనాల శ్వాసక్రియ పాఠానికి నా పక్కన కూర్చునే అమ్మాయి పల్లి గింజలు తెచ్చింది. వాళ్ల నాయన ఇటిక్యాల దగ్గర కౌలు చేనులో వేయగా మిగిలినవి. నానబెట్టి, వాటిలో సగం గింజలను ఉడికించి, ఉడికినవి ఒక సీసాలో, పచ్చివి ఇంకో సీసాలో పోసి, లోపల సున్నపు తేట ఉంచి మూతలు బిగించాం. పచ్చి గింజలు ఊపిరి వదిలితే ఆ సీసాలో తేట పాలలా తెల్లబడాలి. మర్నాడు రెండింటిలోనూ నీళ్లలాగే ఉంది.

"పచ్చియి గూడ సచ్చినయే! యాడ కొన్నడే మీ నాయన?"

"చేనంత గవే ఏసినం సార్," అంది ఆమె. "జర ఆగితే తెల్లగైతదేమో."

"మీ నాయన గూడ గట్లనే ఎదురుచూస్తుండు."

క్లాసంతా నవ్వింది. సార్ పచ్చి గింజల సీసాను ఆమె చెవికి ఆనించారు. "ఇను. ఊపిరుందా?"

ఆమె నిజంగానే విన్నది.

"పోనీ, నాకు ఉడకబెట్టుడు తప్పింది," అంటూ ఆ సీసాకు 'ఉడికించినవి' అని చీటీ అంటించి, పక్క సెక్షన్‌కు తీసుకెళ్లారు. కాసేపటికి గోడ అవతల నవ్వులు వినిపించాయి. ఆమె ఇంకా ఆ చెవి మీద చెయ్యి పెట్టుకొనే ఉంది.