స్కోరు చెప్పని గొంతులు

మా ఇంట్లో క్రికెట్ చూసే పద్ధతి వేరు. మా ఆయన టీవీ పెట్టి, దాని సౌండు పూర్తిగా తీసేసి, పక్కన రేడియో పెట్టేవాడు. బొమ్మ టీవీలో, మాటలు రేడియోలో. టీవీ బొమ్మ డిష్ నుంచి రావాలి కాబట్టి రేడియో కంటే కాస్త వెనక ఉండేది. అందుకని మా ఆయన ముందుగా "ఔట్" అనేవాడు, ఆ తర్వాత తీరిగ్గా టీవీలో బౌలరు పరుగు మొదలుపెట్టేవాడు. ఇంటికొచ్చిన స్నేహితులకి ఇదొక వినోదం. జ్యోతిష్యం ఎప్పుడు నేర్చుకున్నావని ఏడిపించేవాళ్లు. నాకు మాత్రం ఒళ్లు మండేది. ఒక ఆటకి రెండు యంత్రాలెందుకని నా వాదన.

ఇద్దరం ఆక్లండ్‌కి చదువుకోవడానికి వచ్చి ఇక్కడే కలిసినవాళ్లం. నాది గుంటూరు, అతనిది వరంగల్. క్లాస్‌మేట్‌ని ఏమండీ అని పిలవడం నా వల్ల కాలేదు, అతనూ అడగలేదు. ఊరి శివారు న్యూ లిన్‌లో రైలు స్టేషన్ పక్కన అపార్ట్‌మెంట్ కొనుక్కున్నాం. నాకు ఆల్బనీలో ఆఫీసు, అతనికి సిటీలో ఫోన్ మీద కస్టమర్లకి సమాధానాలు చెప్పే ఉద్యోగం. మాకొక అమ్మాయి. దానికి తెలుగు అర్థమవుతుంది, జవాబు మాత్రం ఇంగ్లీషులో ఇస్తుంది.

ఆ రోజుల్లో రేడియోలో ఒక పెద్దాయన కామెంటరీ చెప్పేవాడు. గొంతులో ఏ ప్రత్యేకతా లేదు, జలుబు చేసిన మాస్టారు పాఠం చెబుతున్నట్టు ఉండేది. కానీ ఓవరు మొదట్లో స్కోరు, చివర్లో స్కోరు తప్పకుండా చెప్పేవాడు. ఎవరు ఎక్కడ నిలబడ్డారు, గాలి ఏ పక్క నుంచి కొడుతోంది, గడ్డి మీద వాలిన సీగల్స్‌ని ఏ ఫీల్డరు తోలుతున్నాడు, అన్నీ చెప్పేవాడు. ఏమీ జరగనప్పుడు ఏమీ జరగలేదని చెప్పేవాడు. నాకు ఆటలో ఓనమాలు రావు. అయినా ఉల్లిపాయలు తరుగుతూ వింటుంటే గ్రౌండు కళ్లకు కట్టేది.

ఆయన ఒక వేసవి చివర రిటైరయ్యాడు. వీడ్కోలు కూడా స్కోరు చెప్పినంత మామూలుగా చెప్పి వెళ్లిపోయాడు. మరుసటి సీజన్‌కి ఆ కుర్చీలోకి ముగ్గురు వచ్చారు.

ముగ్గురూ ఒకరినొకరు ముద్దుపేర్లతో పిలుచుకునేవారు. నిన్న గోల్ఫ్‌లో ఎవడు బంతిని నీళ్లలో వేశాడు, లంచ్‌లో తిండి ఎలా ఉంది, ఎవడికి బట్టతల వస్తోంది, ఇదీ వాళ్ల కామెంటరీ. మధ్యలో వికెట్ పడితే ముగ్గురూ ఒకేసారి అరిచేవారు. ఎవరు ఔటయ్యారో, ఎలా ఔటయ్యారో తేలేలోపు ప్రకటన వచ్చేది. ప్రతి ఫోరూ అద్భుతమే, ప్రతి క్యాచూ జన్మలో చూడనిదే. పెళ్లిలో వడ్డించాల్సినవాళ్లు విస్తళ్లు వదిలేసి వాళ్లలో వాళ్లు కబుర్లాడుకుంటుంటే పంక్తిలో కూర్చున్నవాడికి ఎలా ఉంటుందో, మా ఆయనకి అలా ఉండేది.

"స్కోర్ చెప్పరేంది వీళ్లు? అరగంటాయె. ఎవడు బౌలింగ్ చేస్తుండో చెప్పడు. ఉత్తగ నవ్వుడే" అనేవాడు.

"టీవీలో మూలనే ఉంటుందిగా స్కోరు, చూసుకో" అనేదాన్ని.

"చూసుడు వేరు, వినుడు వేరు" అనేవాడు.

నేను రేడియో కట్టేసి టీవీకే సౌండు పెట్టి చూశాను. అక్కడివాళ్లు మరీ ఘోరం. "అది చూడండి, ఒక్కసారి అది చూడండి" అనడమే తప్ప అదేమిటో చెప్పేవాడు లేడు. బొమ్మ ఉంది కదా, ఇంకా చెప్పేదేముందని వాళ్ల ధైర్యం కాబోలు. మా ఆయన రిమోట్ లాక్కుని మళ్లీ దాని నోరు మూసేశాడు. ఒక రోజు రేడియోవాళ్లకి ఫోన్ కూడా చేశాడు. ఎవరో అమ్మాయి శ్రద్ధగా విని, అభిప్రాయం చెప్పినందుకు ధన్యవాదాలు చెప్పి పెట్టేసింది. తానూ రోజంతా కస్టమర్లకి అదే మాట చెబుతాడు కాబట్టి దాని విలువ అతనికి తెలుసు. ఆ సాయంత్రమంతా మొహం ముడుచుకునే ఉన్నాడు.

నలభై దాటిన మగవాళ్లకి లోకంలో ఏదో ఒకటి పాడైపోయిందనిపిస్తుంది. కొందరికి రాజకీయాలు, కొందరికి సినిమా పాటలు, మావాడికి కామెంటేటర్లు అనుకున్నాను. అతను చెప్పేదాంట్లో అబద్ధమూ లేదు, అందుకే నేనూ వంత పాడేదాన్ని. ఆ ముగ్గుర్నీ ఇద్దరం కలిసి తిట్టుకోవడం మా కాపురంలో ఒక కాలక్షేపమైపోయింది.

అదే ఏడాది ఇంకొన్ని మారాయి. కారు తీయడం మానేశాడు. స్టేషన్ ఇంటి కిందే ఉండగా ట్రాఫిక్‌లో చావడమెందుకన్నాడు. శనివారం మనవాళ్ల కొట్లుండే శాండ్రింగ్‌హామ్‌కి సరుకులకి వెళ్తే నన్నే డ్రైవ్ చేయమనేవాడు. ఒకసారి షాపులో కందిపప్పు తెమ్మంటే శనగపప్పు తెచ్చాడు. మతిమరుపని దెప్పాను. తలను కొంచెం పక్కకి తిప్పి చూడటం అలవాటైంది, మెడనొప్పి అనేవాడు. షుగరు మనిషి, ఏదో ఒక నొప్పి ఉంటుందిలే అనుకున్నాను.

ఒక ఆదివారం మధ్యాహ్నం అతని ఆఫీసులో పనిచేసే తెలుగు కుర్రాడిని భార్యతో సహా భోజనానికి పిలిచాం. ఆట క్రైస్ట్‌చర్చ్‌లో జరుగుతోంది, వాన మా దగ్గర పడుతోంది. గట్టి వాన పడితే మాకు డిష్ సిగ్నల్ పోతుంది. నేను పెరుగుగిన్నె పట్టుకుని వచ్చేసరికి టీవీలో ఆట లేదు. నీలం తెర, మధ్యలో సిగ్నల్ లేదని రెండు ముక్కలు. రేడియోలో ముగ్గురూ ఒక్కసారిగా అరిచారు, వెంటనే ప్రకటన మొదలైంది.

మా ఆయన తెర వైపే చూస్తూ తొడ మీద చరుచుకున్నాడు.

"అబ్బ, ఏం కొట్టిండు. చూసినవా తమ్మీ, ఆ టైమింగ్?"

ఆ కుర్రాడు టీవీని చూశాడు, మా ఆయన్ని చూశాడు. జోకనుకుని నవ్వాడు. ఫోన్ తీసి స్కోరు చూసి, "కొట్టుడేంది అన్నా, వికెట్ పోయింది. టీవీల సిగ్నలే లేదు గద" అన్నాడు.

"తెలుసు. నేను రేడియో సంగతి చెప్తున్న" అన్నాడు మా ఆయన. రిమోట్ కోసం చెయ్యి చాపాడు. అది ఎదురుగా బల్ల మీదే ఉంది. అతని వేళ్లు బల్ల అంచు పట్టుకుని, తడుముకుంటూ దాని దాకా వెళ్లాయి. కుర్రాడు పప్పు కలుపుకుంటున్నాడు, చూడలేదు. నేను చూశాను.

వాళ్లు వెళ్లాక అతని ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చున్నాను.

"నా మొహం కనిపిస్తోందా నీకు?"

అలవాటుగా తలను కాస్త పక్కకి తిప్పాడు. తర్వాత, "అంచులు కనపడ్తయి. నడుమ ఉండదు" అన్నాడు.

"ఎప్పటి నుంచి?"

"ఆ పెద్దమనిషి రేడియోల ఉన్నప్పటి సంది. ఆయనున్నన్ని రోజులు నాకు ఇబ్బంది కాలే. ఆయన చెప్తుంటే బొమ్మ నిండుగ కనపడేది. నేను చూస్తున్ననే అనుకున్న. ఆయన పోయినంకనే తెలిసింది, నాకేం కనపడ్తలేదని."

నాకు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. చెప్పనందుకు అతని మీద, ఇన్నాళ్లూ అతని అబద్ధాలకి నవ్వుకున్నందుకు నా మీద, అన్నిటికంటే ఎక్కువగా ఆ ముగ్గురి మీద. వాళ్లకి మా ఆయన సంగతి ఎలా తెలుస్తుంది, ఆ కోపం న్యాయం కాదని ఎవరైనా అనొచ్చు. కానీ రేడియో ముందు కూర్చున్న ప్రతివాడూ చూడలేకే కదా వింటాడు. ట్రక్కు నడిపేవాడు, ఆవుల పాలు పితికేవాడు, ఆస్పత్రి మంచం మీద ఉన్నవాడు, అందరూ ఒక మనిషిని నమ్మి తమ కళ్లు అతనికి అప్పగిస్తారు. ఆ కళ్లు పట్టుకుని బట్టతల మీద జోకులేసుకుంటారా. ఇప్పటికీ నాకు ఆ మాట తలుచుకుంటే నోట్లో చేదు.

కంటి డాక్టరు మంచి మనిషి, ఉన్నదున్నట్టు చెప్పింది. షుగరు కంటి లోపలి పొరని తినేసింది. పోయిన చూపు రాదు. మిగిలినది నిలబెట్టుకోవడానికి కంట్లో ఇంజెక్షన్లు తీసుకుంటూ ఉండాలి. తిరిగి వస్తుంటే రైల్లో ఇంకో సంగతి బయటపెట్టాడు. ఆఫీసులో అతని మేనేజరుకి ముందే తెలుసట. అక్షరాలు పెద్దగా కనిపించే స్క్రీను ఇప్పించిందట. ఇంట్లో దాచిన మాట ఆఫీసులో చెప్పుకున్నాడంటే, ఇంట్లో ఎంత భయపడ్డాడో అప్పుడు అర్థమైంది.

"బిడ్డకు ఇప్పుడే చెప్పకు. దాని సీజన్ అయిపోని. ఈ ఒక్కటే అడుగుతున్న నిన్ను" అన్నాడు.

మా అమ్మాయి సాఫ్ట్‌బాల్ ఆడుతుంది. బేస్‌బాల్‌కి చెల్లెలు లాంటి ఆట. బంతి కొట్టి, నాలుగు మూలల్లో గుర్తుగా పరిచిన పలకల్ని, అంటే బేసుల్ని, ఒక్కొక్కటే తాకుతూ పరిగెత్తాలి. దానికి బంతి పట్టడం నేర్పింది వాళ్ల నాన్నే, అపార్ట్‌మెంట్ కింద కార్ పార్కులో. మైదానంలో ఏం చేసినా, బాగా చేసినా చెడగొట్టినా, వెంటనే తలెత్తి నాన్న ఎక్కడున్నాడా అని వెతుక్కుంటుంది. తెలిస్తే అలా చూడటం మానేస్తుందని అతని భయం. చూసి ఏం లాభం అనుకుంటుందని. నేను సరేనన్నాను.

అప్పటి నుంచి శనివారం పొద్దున్నపూట నేను కామెంటేటర్‌నయ్యాను. మడత కుర్చీలు వేసుకుని కూర్చుని, అతని చెవి దగ్గర నోరు పెట్టి గుసగుసగా చెప్పేదాన్ని. మిగతా తల్లిదండ్రులు మమ్మల్ని చూసి ఇంకా కొత్త దంపతుల్లా ఉన్నారని ముచ్చటపడ్డారు. నా కామెంటరీ ఘోరంగా ఉండేది. "కొట్టింది, కొట్టింది, పరిగెత్తుతోంది" అనేదాన్ని.

"ఎవరు? ఎటు?" అనేవాడు.

అంతలో ఇంకేదో జరిగిపోయేది. ఒక్క బంతి పడేసరికి మైదానంలో నాలుగు మూలలా నలుగురు కదులుతారు. వాళ్లలో ఎవరి సంగతి ముందు చెప్పాలి. చెప్పేది నా బిడ్డ గురించైతే నోరు ఇంకా తడబడుతుంది. ఆ పెద్దాయన అంత నిదానంగా ఎలా చెప్పగలిగేవాడో అప్పుడు తెలిసింది. నేను మా అమ్మాయిని చూస్తూ మాట మరిచిపోతే మా ఆయన నా మోచెయ్యి మెల్లగా నొక్కేవాడు.

సీజన్‌లో ఆఖరి ఆట రోజు గాలి విపరీతంగా ఉంది. మా అమ్మాయి బంతిని దూరంగా కొట్టింది. మొదటి బేసు దాటింది, రెండోది దాటింది, మూడో దాని దగ్గర జారి దుమ్ములో ఆగింది. అన్నీ వరసగా చెప్పగలిగాను. మా ఆయన పిడికిళ్లు బిగించి వింటున్నాడు. తర్వాత బ్యాటింగ్‌కి వచ్చిన పిల్ల ఔటైంది, దాంతో వాళ్ల బ్యాటింగ్ అయిపోయింది. మా అమ్మాయి లేచి నిలబడి, బట్టలు దులుపుకుంటూ మా వైపు చూసింది.

"మూడో బేస్ దగ్గరే ఉంది. లేచింది. ఇటే చూస్తోంది" అన్నాను.

ఎటు పక్కో వేలితో చూపించమన్నాడు. అతని చెయ్యి పట్టుకుని అటు తిప్పాను. అతను టోపీ తీసి, నిలబడి, చెయ్యి పైకెత్తి ఊపడం మొదలుపెట్టాడు. మొహమంతా నవ్వు. ఆ లోపే జట్లు మారుతున్నాయి. మా అమ్మాయి హెల్మెట్ తీసి చేత్తో పట్టుకుని, అవతల పక్కనున్న తమ బెంచీ వైపు సగం దూరం నడిచేసింది. మూడో బేస్ దగ్గరికి అవతలి జట్టు పిల్ల వచ్చి నిలబడింది. ఎవరో తెలియని మనిషి తనకి అంత సంబరంగా చెయ్యి ఊపుతుంటే, ఆ పిల్ల వెనక్కి తిరిగి తన వెనక ఎవరున్నారా అని చూసింది.

మా అమ్మాయి ఆగిపోయింది. నాన్న మొహం చూసింది. అతను చూస్తున్న వైపు చూసింది. మళ్లీ నాన్న మొహం చూసింది. 

జట్టు పిల్లలు పిలుస్తున్నా అది వినలేదు. వెనక్కి నడిచి వెళ్లి, మూడో బేస్ దగ్గర ఆ పిల్ల పక్కన, సరిగ్గా వాళ్ల నాన్న చెయ్యి ఊపుతున్న చోట నిలబడింది. హెల్మెట్ పైకెత్తి, అతను చెయ్యి దించేదాకా తిరిగి ఊపింది.

మా ఆయన కూర్చుంటూ, "చూసిందా?" అన్నాడు.

"చూసింది" అన్నాను.