పెద్ద డ్రమ్ము ముందు పడుకున్న మనిషి

మొన్న శనివారం ఆషర్‌విల్ నుంచి ఇంటికి వస్తూ సిగ్నల్ దగ్గర ఆగాను. పక్కన ఒక టాక్సీ వచ్చి నిలబడింది. డర్బన్‌లో టాక్సీ అంటే పదిహేను మందిని కుక్కుకొని పోయే తెల్ల వ్యాను. లోపల పాట ఎంత గట్టిగా పెడితే అంత గిరాకీ. నా కారు అద్దం వణకడం మొదలుపెట్టింది. మాటలు వినపడలేదు, గిటారు వినపడలేదు. కాలితో తొక్కి వాయించే పెద్ద డ్రమ్ము దెబ్బ ఒక్కటే అద్దంలోంచి మోచేతికి, మోచేతిలోంచి పక్కటెముకల్లోకి వచ్చింది. రెండో దెబ్బకే గుర్తుపట్టాను. పాతికేళ్ళు దాటిన రికార్డింగ్ అది. ఆ క్యాసెట్టు అట్ట మీద సౌండ్ ఇంజనీరుగా నా పేరు ఉంటుంది. ఆ దెబ్బ మాత్రం నాది కాదు. లైటు పచ్చబడింది, వెనకవాళ్ళు హారన్ కొట్టారు. నేను బండి కదిలించేసరికి టాక్సీ మలుపు తిరిగిపోయింది.

అది అప్పన్న గారి దెబ్బ. ఆయన ఎవరో మీకు తెలిసే అవకాశం లేదు. తెలియకుండా చేసినవాళ్ళలో నేను ఆఖరివాణ్ణి. ఆయన తాత విశాఖపట్నం వైపు నుంచి చెరుకు నరకడానికి మౌంట్ ఎడ్జ్‌కోంబ్ తోటలకు వచ్చినవాడు. అప్పన్న గారు అక్కడి కూలీల వరస ఇళ్ళలో పుట్టారు, సీ కౌ లేక్‌లో ఇల్లు కట్టుకున్నారు, ఊరి నడిబొడ్డున మేడ మీదున్న ఒక రికార్డింగ్ స్టూడియోలో ఇరవై ఆరేళ్ళు పనిచేశారు. ఇరవై ఆరేళ్ళూ ఆయన ఉద్యోగం పేరు అసిస్టెంటే. ఇంజనీరు కుర్చీ తెల్లవాళ్ళది. వైర్లు పరిచేది ఈయన, మైకులు ఎంచేది ఈయన, గొంతు ఎక్కడ తగ్గాలో డ్రమ్ము ఎక్కడ లేవాలో చూసేది ఈయన. కుర్చీలో ఉండాల్సిన మనిషి సముద్రపు గట్టు మీద గాలం వేసుకొని కూర్చుని, సాయంత్రం చేపల వాసనతో వచ్చి సంతకం పెట్టేవాడు. అట్టల మీద ఆ గాలం మనిషి పేరే పడేది. ఈ సంగతి అప్పన్న గారు నవ్వుతూ చెప్పేవారు. నేనూ నవ్వేవాణ్ణి.

ఈ దేశంలో తెల్లా నల్లా తేడా లేకుండా అందరూ తొలిసారి ఓటు వేసిన మరుసటి ఏడు నేను వచ్చాను. మద్రాసు సినిమా స్టూడియోల్లో ఆరేళ్ళు పనిచేసిన రాజమండ్రివాణ్ణి, చేతిలో డిప్లొమా, తల నిండా పొగరు. స్టూడియో అప్పుడే చేతులు మారింది. జొహానెస్‌బర్గ్ నుంచి ఒక కొత్త మేనేజరు వచ్చాడు. నాకు వర్క్ పర్మిట్ రావాలంటే కంపెనీ ఒక మాట రాసివ్వాలి: ఈ పని చేయగలవాడు ఈ దేశంలో దొరకలేదు అని. రాసిచ్చారు. నిజమేననుకున్నాను. పర్మిట్ చేతికొచ్చేలోపే తాత్కాలిక అనుమతి మీద పనిలో చేరాను. మొదటిరోజు మెట్ల మీద అరవైకి దగ్గరపడ్డ ఒక సన్నటి మనిషి ఎదురై, నా పేరు విని ఆగిపోయాడు.

"నువ్వు తెలుగా? ఇండియా తెలుగు?"

"అవునండీ. మీరు..."

"అప్పన్న. మా తాత మాట కొంచెం ఉంది నాకు. తిట్లు ఎక్కువ, మిగతాది తక్కువ."

"చాలా సంతోషం, అప్పన్న గారూ."

"గారు ఏటి! ఇక్కడ గారు లేదు, బాబూ. అంకుల్ అను."

నేను గారు మానలేదు. ఆయన బాబూ అనడం మానలేదు. మిగతా మాటలన్నీ డర్బన్ ఇంగ్లీషులోనే నడిచేవి. వాటిని నేనిక్కడ నాకు వచ్చినట్టు తెలుగు చేస్తున్నాను. తెలుగు ముక్కలు మాత్రం ఆయనవే. భాషలో నేనే గొప్పవాణ్ణని ఆ రోజు లోపల కొంచెం మురిసిపోయాను కూడా.

ఊరి పక్కన ఉన్న జులూల పేట క్వామషూ నుంచి ఒక బృందం రికార్డింగుకు వచ్చింది. అయిదుగురు పాడేవాళ్ళు, ఒక గిటారు, ఒక డ్రమ్మర్. డ్రమ్మర్ పేరు జబు, ముప్పై ఏళ్ళవాడు, చర్చి హాళ్ళలో వాయించి వాయించి గట్టిపడ్డ కాలు. కొత్త చేతుల్లోకి వచ్చాక స్టూడియో చేస్తున్న మొదటి పెద్ద క్యాసెట్టు అది. దానికి ముందు మేనేజరు అందరినీ పిలిచి కేకు కోసి, అప్పన్న గారి భుజం తట్టి, "ఈసారి అట్ట మీద మీ పేరే" అన్నాడు. అప్పన్న గారు కేకు తినలేదు. కాగితంలో చుట్టుకొని ఇంటికి పట్టుకెళ్ళారు. మర్నాడు చెప్పారు, వాళ్ళావిడ సుభద్ర ఆంటీ ఆ కేకుముక్క దేవుడి దగ్గర పెట్టిందట.

పెద్ద డ్రమ్ముకు మైకు నేనే ఎంచాను. కంపెనీ విదేశం నుంచి తెప్పించిన కొత్త మైకు, సరిగ్గా ఆ పనికే చేసింది. డిప్లొమా పుస్తకంలో ఉన్నట్టు డ్రమ్ము ముందు తోలుకు ఉన్న చిల్లుకు ఎదురుగా పెట్టాను. స్పీకర్లో విన్నాను. ప్లాస్టిక్ బకెట్టు మీద ఎవరో చెప్పుతో కొడుతున్నట్టుంది. తిప్పాను, జరిపాను, లోపలికి తోశాను, మీటలు పెంచాను, తగ్గించాను. రెండు గంటలు గడిచాయి. జబు ఓపిగ్గా తొక్కుతూనే ఉన్నాడు. అప్పన్న గారు మూల స్టూలు మీద కూర్చుని, సగం రొట్టె తొలిచి పోసిన బీన్స్ కూర తింటున్నారు. చివరికి నేనే వెళ్ళి అడిగాను.

ఆయన చేతులు కడుక్కొని వచ్చి, మొదట నా మైకు తీసి పక్కన పెట్టారు. తరవాత ఆ వయసులో నేల మీద వెల్లకిలా పడుకొని, తల డ్రమ్ము చిల్లు దగ్గర పెట్టి, ఒక చెవి వేలితో మూసుకున్నారు.

"జబు, నెమ్మదిగా. నిద్రపోయే పిల్లని జోకొట్టినట్టు."

"యెబో, బాబా." జులూలో సరేనయ్యా అని.

పది దెబ్బలకు ఒకసారి తల రెండు వేళ్ళ మేర జరుపుతున్నారు. నాకు చచ్చేంత నవ్వొచ్చింది. అలా పావుగంట. ఒకచోట ఆగి, "ఇక్కడ ఉంది" అన్నారు. "రా బాబూ, పడుకో. ఇను."

పడుకున్నాను. చొక్కా మాసిపోతుందని ముందు ఆలోచించానని ఒప్పుకోవాలి. జబు తొక్కాడు. చెవిలో కాదు, దవడ ఎముకలో వినపడింది. ఆ దెబ్బ ఉన్నది చిల్లుకు ఎదురుగా కాదు, రెండు జానలు లోపల, కాస్త పక్కగా.

"ముందు చోటు. చోటు దొరికాక మైకు. నువ్వు మైకు పట్టుకొని చోటు ఎతుకుతున్నావు" అన్నారు. తరవాత జబు వైపు తిరిగి బూట్లు విప్పమన్నారు. అతను వట్టికాలితో తొక్కితే దెబ్బ మెత్తబడింది, బరువు మాత్రం తగ్గలేదు. "ఇప్పుడు ఈ కాలికి ఏ మైకు కావాలి?" అని నన్నే అడిగారు. నేను మళ్ళీ కొత్త మైకే చూపించాను. ఆయన తల అడ్డంగా ఊపి, సామాన్ల గది అడుగున ఎక్కడో దుమ్ములో పడున్న ఒక పాత మైకు తెచ్చారు. ఎప్పుడో గుర్రప్పందేల మైదానంలో ప్రకటనలు చెప్పడానికి వాడినది, ఇటుకంత బరువు.

"దీనికి సన్నటి శబ్దాలు సరిగ్గా వినపడవు. ముసలి చెవి. నీ కొత్తది అన్నీ వింటుంది, తొక్కుడు కడ్డీ కీచుమనడం, జబు ఊపిరి, అన్నీ. కాలికి అన్నీ ఎందుకు?"

దుప్పటి మడిచి డ్రమ్ములో వేసి, దాని మీద ఆ ఇటుకను ఆయన చెవికి దొరికిన ఆ చోటే పడుకోబెట్టారు. స్పీకర్లో మొదటి దెబ్బ పడగానే గిటారు వాయించే అతను లేచి నిలబడ్డాడు. జబు అద్దం అవతల నుంచి తన కాలు వైపు తనే చూసుకున్నాడు. అరటిపండు ఒలిచి చేతిలో పెట్టినట్టు అన్నీ నాకు చెప్పి, మీట ఎంత ఉండాలో పెన్సిలుతో గీత పెట్టి, అప్పన్న గారు బీన్స్ కూర దగ్గరికి తిరిగి వెళ్ళిపోయారు.

అప్పుడే మేనేజరు లోపలికి వచ్చాడు. కళ్ళు మూసుకొని ఒక పాట మొత్తం విన్నాడు. ఇంజనీరు కుర్చీలో ఉన్నది నేను. "ఇంత దెబ్బ ఈ ఊళ్ళో ఎప్పుడూ వినలేదు. దీనికోసమే కదా నిన్ను తెప్పించింది" అన్నాడు. నేను నోరు తెరిచాను. అప్పన్న గారు నా వైపు చూశారు, చెప్పమని కాదు, ఏం చెప్తానో చూద్దామని. "థాంక్యూ" అన్నాను. అంతే. ఆ ఒక్క మాట అనడానికి నాకు క్షణం పట్టలేదు.

పదిరోజుల తరవాత మేనేజరు క్యాసెట్టు అట్ట నమూనా నా బల్ల మీద పెట్టాడు. పాడినవాళ్ళ, వాయించినవాళ్ళ పేర్లన్నీ ఉన్నాయి, ఇంజనీరు అన్నచోట ఖాళీ. "నువ్వే నింపి పంపు. అన్నట్టు, నీ పర్మిట్ కాగితాలు ఈ వారం వెళ్తున్నాయి. నువ్వు చేసిన పనికి ఒక రుజువు జత చేయాలి" అన్నాడు. బెదిరింపేమీ కాదు, మామూలుగానే అన్నాడు. కేకు కోసిన రోజు తను ఏమన్నాడో అతనికి గుర్తే లేదు. నాకు గుర్తుంది. ఈ పని చేయగలవాడు ఈ దేశంలో దొరకలేదని కంపెనీ రాసిచ్చింది. ఆ గళ్ళో అప్పన్న అని రాస్తే దొరికాడని నా చేత్తో నేనే రాసిచ్చినట్టు. ఆ మనిషి ఉన్నాడంటే నేనిక్కడ ఉండడానికి కారణం లేదు. నా పేరు రాశాను. కింద అసిస్టెంటు అన్న గడి కూడా ఖాళీగా ఉంది. ఇరవై ఆరేళ్ళు ఆయన పడ్డ మాటను మళ్ళీ నేను రాయడమా అని సిగ్గేసింది. అందుకని ఆ గడి కొట్టేశాను. ఆయన మీద గౌరవం కొద్దీ ఆయన పేరు ఎక్కడా లేకుండా చేసిన ఘనుణ్ణి నేను.

క్యాసెట్టు బజారులోకి రాకముందే స్టూడియోలో అప్పన్న గారితో సహా పాతవాళ్ళను తగ్గించారు. కొత్తొక వింత, పాతొక రోత. వాళ్ళ లెక్కలో అసిస్టెంటు అంటే వైర్లు పరిచేవాడు, వైర్లు ఎవరైనా పరుస్తారు. అప్పన్న గారు ఇంజనీరని ఏ అట్ట మీదైనా ఉంటే తీసేసేవాళ్ళు కాదేమో. ఈ మాట రాయడానికి నాకు ఇన్నేళ్ళు పట్టింది.

క్యాసెట్టు తీసుకొని ఒక ఆదివారం పొద్దున సీ కౌ లేక్ వెళ్ళాను. ఎందుకు వెళ్ళానో ఇప్పటికీ తెలియదు. తిట్టించుకుంటే తేలికవుతుందని అయి ఉంటుంది. సుభద్ర ఆంటీ చేయి తుడుచుకుంటూ పరుగున వచ్చి, నేను ఆపేలోపే నా చేతిలోంచి క్యాసెట్టు లాక్కుంది. కళ్ళజోడు తెచ్చుకుంది. అట్ట మడతలు విప్పింది. మొదటి వైపు వేలు పెట్టి చదివింది, తిప్పి రెండో వైపు చదివింది, మళ్ళీ మొదటి వైపుకు వచ్చింది.

"ఏది? ఎక్కడ? నాకు కనపడలేదు. చిన్న అక్షరాల్లో వేశారా?"

నేను గోడకు ఆనుకున్నాను.

"చోటు చాలలేదట" అన్నారు అప్పన్న గారు. "చిన్న కాగితం కదా. టీ పెట్టు."

"అయ్యో, ఒక్క పేరుకు చోటు లేదా? ఈ బాబు పేరు ఉందే."

"పెట్టవే, టీ."

ఆమె లోపలికి వెళ్ళింది. ఆయన క్యాసెట్టు వేసి మొదటి పాట చివరిదాకా విని ఆపారు. "డ్రమ్ము పెంచావు. నేను గీత పెట్టిన చోట లేదు" అన్నారు. పెంచానన్నాను. "అక్కర్లేదు. దాని పని అది చేస్తోంది." అట్ట గురించి మాట లేదు. టీ తాగాను, మింగలేక కక్కలేక. గేటు దాకా వచ్చి, గొళ్ళెం మీద చెయ్యి వేసి, అప్పుడు అడిగారు.

"పర్మిట్ వచ్చిందా?"

ఆయనకు పర్మిట్ సంగతి తెలుసని నేను అనుకోలేదు. "వచ్చిందండీ."

"మంచిది. ఒకడి పనైనా అయ్యింది. జాగ్రత్తగా పో, సార్."

ఆ కుర్చీలో కూర్చున్నవాళ్ళను ఇరవై ఆరేళ్ళు ఆయన పిలిచిన పిలుపు అది. తిట్లు ఎక్కువ ఉన్నాయన్న మనిషి ఒక్క తిట్టూ తిట్టలేదు. మళ్ళీ ఎప్పుడూ బాబూ అని పిలవలేదు కూడా. పిలవడానికి నేను మళ్ళీ వెళితే కదా. మూడేళ్ళకు పోయారు. ఆ వారం ఊళ్ళో లేనని చెప్పాను. ఉన్నాను.

ఆ తరవాత నా బతుకంతా బాగుంది. ఏ డ్రమ్ముకైనా ముందు నేల మీద పడుకుంటాను, చోటు దొరికాక వాయించేవాడి కాలు చూస్తాను, అప్పుడు మైకు తీస్తాను. ఇక్కడి కుర్రవాళ్ళు ఆ పద్ధతికి నా పేరు పెట్టి ఒకరికొకరు నేర్పుకుంటున్నారు. క్లాసుల్లో నన్ను పరిచయం చేసేటప్పుడు ఆ మాటే చెప్తారు. నేను చేతులు జోడిస్తాను. ఒక్కసారి కూడా దిద్దలేదు. కిందటి నెల చెప్పిన క్లాసులో ముందు వరసలో కూర్చున్న ఒకావిడ, తన నాన్న కూడా ఇలాగే నేల మీద పడుకొని వినేవాడని లేచి చెప్పింది, ఆయన పేరు కూడా చెప్పింది. అప్పన్న గారి కూతురు. "అలాగా" అన్నాను.

అందుకే ఇదంతా రాశాను. తెలుగులో రాశాను. ఆమెకు తెలుగు చదవడం రాదు, ఆమె పిల్లలకు మాట కూడా రాదు. ఇంగ్లీషులో రాయడం నాకు బాగానే వచ్చు.