పెద్దబాపు యాంటెన్నా

పోయిన నెల ఒక పొద్దున హైదరాబాద్ నుంచి పెద్దవ్వ ఫోన్ చేసింది. "మీ పెద్దబాపు పోయిండు బిడ్డా" అంది.

పెద్దబాపు మా బాపుకు అన్న; పెద్దవ్వ ఆయన భార్య. బొగ్గుబాయిలో పనిచేశాడు. నా బడి చదువంతా వాళ్ల క్వార్టర్‌లోనే సాగింది. నాకు అన్నం పెట్టిన ఇల్లది.

రిటైరయ్యాక క్వార్టర్ ఖాళీ చేసి కొడుకు దగ్గరికి హైదరాబాద్ బయలుదేరినప్పుడు, డాబా మీది పాత యాంటెన్నాను తనే విప్పి లారీలో ఎక్కించాడు. అప్పటికే మా దగ్గర దానికి బొమ్మ రావడం ఆగిపోయింది.

"గిదెందుకు బాపూ?" అన్నాడు ఆయన కొడుకు, నాకు అన్న.

"నేనే బిగించిన. నేనే తీస్కపోత."

నగరంలో ఆయన చూపు మందగించింది. కొడుకింట్లో టీవీ పెట్టాలంటే తెర మీది అక్షరాలు చదవాలి. వార్తల వేళకు మనవరాలిని, "జర పెట్టు బిడ్డా" అని పిలిచేవాడు. ఆమె చదువులో ఉంటే మళ్లీ పిలిచేవాడు కాదు. నల్లటి తెర ముందు కాసేపు కూర్చుని లేచిపోయేవాడు. నేను వెళ్లినప్పుడు చూశాను.

"ఊకూకె ఒకలను అడుగుడు నాతోని కాదు" అన్నాడు మెల్లగా.

సర్కారు చానళ్లు అక్కడ డిజిటల్‌లో గాలిలోనే వస్తాయని, పాత యాంటెన్నాకు చిన్న డబ్బా కలిపితే చాలని తెలుసుకున్నాను. డబ్బా, కొత్త వైరు తెచ్చాం. కింద అన్న చానళ్లు వెతుకుతుంటే, నేను డాబా మీద యాంటెన్నా కట్టి గొట్టం తిప్పాను. క్వార్టర్‌లో టీవీ మోత విని దిక్కు కుదిర్చిన పెద్దబాపుకు కింద టీవీ దగ్గర ఏమీ వినబడక పరేషాన్ అయింది.

"బుస్సుమనే మోతన్న లేదు బిడ్డా! దగ్గరికొచ్చిందో లేదో ఎట్ల ఎరుక?"

"దీనికి మోత ఉండది పెద్దబాపూ! వస్తే మొత్తం వస్తది, లేకుంటే లేదు!"

"అయితే తిప్పు. నేనింటున్న."

చేతులు నొప్పి పుట్టి, ఇక వదిలేద్దామనుకుంటుండగా వార్తలు చదివే ఆమె గొంతు స్పష్టంగా మెట్ల మీదుగా పైకి వచ్చింది. నేను దిగేసరికి పెద్దబాపు టీవీ మీద చెయ్యి పెట్టి నిలబడి ఉన్నాడు.

"గట్టిగ కట్టినవా? గాలికి తిరగద్దు" అన్నాడు.

తెర మీద చదివేదేమీ లేదు, బొత్తం నొక్కితే వార్తలే; ఆ తర్వాత రోజూ తనే పెట్టుకున్నాడు. నేను ఫోన్ చేస్తే, "జరాగు, వార్తలొస్తున్నయి" అనేవాడు. ఆ మాట వినడం నాకిష్టం.

అస్థికలు చెన్నూరు దగ్గర గోదావరిలో కలిపి వచ్చాం. దినాలు అయ్యాక ఒక సాయంత్రం పెద్దవ్వ లేచి టీవీ పెట్టింది. ఎవరూ వద్దనలేదు. తెరవైపు చూడకుండా కింద కూర్చుని పుంటికూర తెంపుతోంది. వానల సంగతి చెబుతున్నారు. చెన్నూరు దగ్గర గోదావరి నిండుగా పారుతోందనగానే ఆమె చేతులు ఆగిపోయాయి. తెంపిన ఆకు వేళ్ల మధ్యే ఉండిపోయింది.